సేవ్ చేసిన స్టేషన్ పొద్దున ఏమైంది?

ప్రశ్న: చిన్న షార్ట్‌వేవ్ రేడియో కొన్నానండీ. రాత్రి ఖంగుమని వినిపించిన స్టేషన్‌ని మెమరీలో పెట్టుకుంటే, పొద్దున అదే నంబర్ నొక్కితే ఒట్టి గరగర. సెట్ పాడైందా?

జవాబు: సెట్‌కేం కాలేదు, టెన్షన్ పడకండి. మెమరీ గుర్తుపెట్టుకునేది ఫ్రీక్వెన్సీ ఒక్కటే, ఆ టైమ్‌కి అక్కడ ఎవరైనా మాట్లాడుతున్నారా లేదా అన్నది దానికి పట్టదు. 5900 నుంచి 6200 కిలోహెర్ట్జ్ దాకా ఉండే 49 మీటర్ల బ్యాండ్ రాత్రిళ్లు ఎంతో దూరం నుంచి కూడా బాగా పలుకుతుంది, ఎండెక్కేసరికి డీలా పడిపోతుంది, అప్పుడు 13, 15 మెగాహెర్ట్జ్ (అంటే 13000, 15000 కిలోహెర్ట్జ్) వైపు వెతకాలి. పైగా చాలా స్టేషన్లు మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో షెడ్యూల్ మార్చేస్తాయి. కాబట్టి ఒకే స్టేషన్‌కి రాత్రి ఫ్రీక్వెన్సీ ఒక నంబర్లో, పగటిది దాని పక్క నంబర్లో పెట్టుకోండి.

సేవ్ చేయడం పెద్ద పనేం కాదు. చాలా సెట్లలో మెమరీ బటన్ నొక్కగానే తెర మీద నంబర్ మిణుకుమిణుకుమంటుంది, అది ఆగేలోపు మళ్లీ నొక్కాలి. సెట్టే స్టేషన్లు వెతికి సేవ్ చేసుకునే ఆటో స్కాన్‌తో మాత్రం జాగ్రత్త! కొన్ని సెట్లలో అది మీరు పెట్టుకున్నవన్నీ తుడిచేసి, దొరికిన గరగరనంతా వరసగా నింపేస్తుంది.