టెక్ సందేహాలు: పాత పికప్‌లో ఇంజిన్ ఆఖర్న పెట్టండి

ఈ వారం ప్రశ్నలన్నీ పాత పికప్‌ల మీదే. ఇప్పుడు ఇంజిన్ మార్పిడి అంటే సగం రెంచీ పని, సగం వైరింగ్ పని. కాబట్టి ఈ శీర్షికలో వీటికి చోటు ఉంది.

ప్రశ్న: మా తాతగారి 1968 నాటి జీపు పికప్ షెడ్డులో ఉంది. బొలేరో డీజిల్ ఇంజిన్, అయిదు గేర్ల బాక్సు వేయించి, వింటేజ్ నంబరు కూడా తీసుకుందామని ఆలోచన. ఏది ముందు? (అల్వాల్)

రెండూ కలిపి కుదరవండీ. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బండ్ల సంగతి చేర్చారు. దాని ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. బండి సొంత వాడకానికి ఉన్నదై ఉండాలి. ఛాసీ, బాడీ షెల్, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉంచాలి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20,000, అది పదేళ్లు చెల్లుతుంది. నంబరులో రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అలాంటి బండిని రోజువారీ తిరుగుళ్లకు, కిరాయిలకు వాడకూడదు. బొలేరో ఇంజిన్ ఎక్కించిన రోజే ఆ దారి మూసుకుపోతుంది. మీది పికప్ కాబట్టి పాత ఆర్సీ తీసి ఇంకోటి చూడండి. అందులో గూడ్స్ బండి అని రాసి ఉంటే సొంత వాడకం కింద లెక్కకు రాదు, ముందు అది తేల్చుకోవాలి.

వింటేజ్ వద్దు, ఇంజిన్ మార్పిడే కావాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ‘ముందు బిగించేద్దాం, ఆర్సీలో తర్వాత ఎక్కిద్దాం సార్’ అనే గ్యారేజీ మాటకు తల ఊపకండి. మీ ప్రాంత ఆర్టీఏలో రాతపూర్వక అనుమతి చేతికి వచ్చాకే ఇంజిన్‌కు బయానా ఇవ్వండి. డోనర్ బండి (ఇంజిన్ ఊడదీసిన బండి) ఆర్సీ, కొన్న బిల్లు, ఇంజిన్ నంబరు ఫొటో లేకుండా తుక్కులో దొరికే ఇంజిన్ ఎంత చవకైనా వద్దు. మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మీరే.

కాగితం చేతికొచ్చాక పని వరుస ఇదీ: టైరు సైజు, బండి ఎత్తు, యాక్సిల్, బ్రేకులు, స్టీరింగ్. ఇంజిన్ ఆఖర్న. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఇంజిన్ ముందే బిగించి, తర్వాత యాక్సిల్ ఎత్తు మారిస్తే సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ గిన్నె) వెళ్లి ముందు హౌసింగ్‌కు (యాక్సిల్ పెట్టెకు) తగులుతుంది. అప్పుడు మౌంట్లు కోసి మళ్లీ వెల్డింగ్.

ప్రశ్న: కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) తీసేసి నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులు వేస్తామని బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేటర్ అంటున్నాడు. వేయించమంటారా? (కుషాయిగూడ)

నన్నడిగితే, మొదటి విడతలో వద్దు. కమాన్ పట్టీ బరువు మోయడంతో సరిపెట్టదు, యాక్సిల్‌ను ముందుకీ వెనక్కీ పక్కలకీ కదలకుండా పట్టుకునేదీ అదే. కాయిల్ ఆ పని చేయదు. లింకులు, వాటి బ్రాకెట్లు, పక్కకు జరగకుండా ఒక పాన్‌హార్డ్ రాడ్ కావాలి. ఆ బలమంతా ఛాసీ మీద రెండు మూడు చోట్ల పడుతుంది. పాత ఛాసీ రైలు (పొడవాటి దూలం) తెరిచిన సీ ఆకారంలో ఉంటే, ఆ చోట్ల ప్లేటుతో మూసి పెట్టెలా చేయకుండా బ్రాకెట్ అంటిస్తే కొన్నాళ్లకు వెల్డింగ్ అంచునే పగులు వస్తుంది. దాని పైన, కింద ఉండే ఫ్లాంజ్ (మడత అంచు) మీద అడ్డంగా వెల్డింగ్ గీత రాకూడదు. అతుకు ప్లేటును డైమండ్ ఆకారంలో కోయించండి.

ముందుగా, ఉన్న పట్టీలనే బాగుచేసి చూడండి. కట్ట విప్పి తుప్పు గీకి, అరిగిన కొసలు సానపట్టి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాస్తేనే సగం గట్టిదనం పోతుంది. పట్టీల మధ్య రాపిడే ఆ కుదుపులకు ముఖ్య కారణం. బరువు ఎక్కించే పని లేకపోతే అడుగున ఉండే లోడు పట్టీ తీసేయొచ్చు. అయితే రెండు వైపులా అదే పట్టీ తీయాలి, సెంటర్ బోల్టు ఆ మేరకు పొట్టిది వేయాలి. షాకిల్ (పట్టీ కొసను ఛాసీకి వేలాడదీసే కొక్కెం) బుష్‌లు, పిన్నులు కొత్తవి పెట్టండి. పట్టీలను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు పాతవి మళ్లీ వాడొద్దు, ఒకసారి బిగించాక అవి సాగి ఉంటాయి. కొత్తవి బిగించి 100 కిలోమీటర్లు తిప్పాక మళ్లీ టార్క్ రెంచీ పెట్టండి. యూ బోల్టు వదులైతే బరువంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది, యాక్సిల్ వంకరగా జరుగుతుంది.

డబ్బు షాకబ్జర్ల మీద పెట్టండి. కొత్తవి కొని వాలుగా పడుకోబెడితే మాత్రం డబ్బు దండగ. నిలువుకు 30 డిగ్రీలు వాలితే చక్రం దగ్గర డ్యాంపింగ్ నాలుగో వంతు పోతుంది, 45 డిగ్రీలైతే సగమే మిగులుతుంది. కొనే ముందు యాక్సిల్‌ను బంప్ స్టాపు (అది మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు) దాకా ఎత్తి ఒకసారి, పూర్తిగా వేలాడదీసి ఒకసారి కొలత తీయండి. షాకబ్జర్ మూసుకున్నప్పుడు, తెరుచుకున్నప్పుడు రెండు చివర్లలోనూ కనీసం 25 మిల్లీమీటర్ల కదలిక మిగలాలి.

ప్రశ్న: ఇంజిన్, గేర్‌బాక్సు మార్చాక 60 దాటితే ఫ్లోర్ అంతా వణుకుతోంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ రాణీగంజ్‌లో రెండుసార్లు బ్యాలెన్స్ చేయించాం. తగ్గలేదు. 80 దగ్గర ఇంజిన్ అరుస్తోంది కూడా. (వనస్థలిపురం)

షాఫ్ట్ బ్యాలెన్స్‌లో తప్పుంటే వణుకు షాఫ్ట్ చుట్టుకు ఒకసారి వస్తుంది. జాయింట్ కోణాల తప్పు వల్లయితే చుట్టుకు రెండుసార్లు. యూనివర్సల్ జాయింట్ వంగి తిరిగినప్పుడు షాఫ్ట్ ఒక చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని, రెండుసార్లు తగ్గుతుంది. రెండో చివర జాయింట్ అదే కోణంలో ఉంటే ఆ ఒడిదుడుకు రద్దవుతుంది, లేకపోతే మీ ఫ్లోర్‌కు చేరుతుంది.

ఫోన్‌లోని లెవెల్ యాప్ చాలు. కవర్ తీసేయండి, కెమెరా ఉబ్బు తగలకుండా ఫోన్ అంచు ఆనించండి. బండి నేల మీద నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి, జాకీ మీద కాదు. గేర్‌బాక్సు వెనక ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే పలక) మీద ఒకటి, షాఫ్ట్ గొట్టం మీద ఒకటి, హౌసింగ్ పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే చిన్న గేరు) ఫ్లాంజ్ మీద ఒకటి కొలవండి. గేర్‌బాక్సు వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంటే పినియన్ మూతి 3 డిగ్రీలు పైకి చూడాలి, అంటే రెండూ సమాంతరం. కమాన్ పట్టీల మీద ఉన్న యాక్సిల్‌కు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ కాస్త పైకి లేస్తుంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు ఒకటి రెండు డిగ్రీలు తక్కువే పెట్టండి. ఒక్కో జాయింట్ దగ్గర కోణం 3 డిగ్రీలు దాటకపోతే మంచిది, సున్నా కూడా కాకూడదు. అర డిగ్రీ అయినా లేకపోతే సూది బేరింగులు తిరగక ఒకే చోట గుంటలు పడతాయి. తేడాను పట్టీకీ హౌసింగ్ ప్యాడ్‌కీ మధ్య స్టీల్ వెడ్జి పెట్టి సరిచేస్తారు.

షాఫ్ట్ రెండు కొసల యోకులు (జాయింట్‌ను పట్టే పంగలు) ఒకే వరసలో ఉన్నాయా చూడండి. స్ప్లైన్ (షాఫ్ట్‌లో పళ్లతో జారే అతుకు) విప్పి మళ్లీ వేసేటప్పుడు ఒక పన్ను పక్కకు పడినా ఇదే వణుకు. మీది పాత జీపు ట్రాన్స్‌ఫర్ కేసైతే (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే గేర్ల పెట్టె) దాని ఔట్‌పుట్ కుడి పక్కకు ఉంటుంది, హౌసింగ్ కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మధ్యలోంచి షాఫ్ట్ తీసే కొత్త గేర్‌బాక్సును ఆ హౌసింగ్‌కు కలిపితే పైనుంచి కోణం, పక్కనుంచి కోణం రెండూ కలిసిపోతాయి. పక్కనుంచి మాత్రమే కొలిస్తే తప్పు దొరకదు.

ఇక అరుపు. ఆ కాలపు జీపు హౌసింగ్‌లో 5.38 రేషియో ఉండేది, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 5.38 చుట్లు. 7.00-16 టైరు చుట్టుకొలత దాదాపు 2.43 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 550 చుట్లు తిరుగుతుంది, నేరు గేరులో (షాఫ్ట్, ఇంజిన్ ఒకే వేగం) ఇంజిన్ సుమారు 2,950. అయిదో గేరు 0.8 ఉంటే 2,360కి దిగుతుంది. అంటే ముందు అయిదో గేరు పడుతోందా చూసుకోండి. పడుతున్నా అరుస్తుంటే క్రౌన్, పినియన్ జత మార్చాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక రెండూ ఒకే రేషియో ఉండాలి, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు విరుగుతాయి.

ప్రశ్న: కామన్ రైల్ డీజిల్ ఇంజిన్ బిగించాం. స్టార్టర్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. 500 రూపాయల బ్లూటూత్ స్కానర్‌తో ఏమైనా తెలుస్తుందా? (మెహిదీపట్నం)

కొంత తెలుస్తుంది. పీ0335 వస్తే క్రాంక్ సెన్సర్ సిగ్నల్ లేదు. పీ0087 అంటే రైలులో (ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టంలో) ఇంధన పీడనం చాలడం లేదు, గాలి పీలుస్తోందేమో, ఫిల్టరు మూసుకుందేమో చూడండి. యూ0121 వస్తే కంగారు పడకండి. ఏబీఎస్ యూనిట్ మీ పికప్‌లో లేదు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) దాన్ని వెతుక్కుంటోంది, అంతే.

కోడ్ ఏమీ లేకుండా స్టార్ట్ కాకపోతే ఇమ్మొబిలైజర్‌ను (అసలు తాళం కాకపోతే ఇంజిన్‌ను ఆపే ఏర్పాటు) అనుమానించండి. తాళంలోని చిప్, తాళం చుట్టూ ఉండే రింగు, ఇమ్మొబిలైజర్ యూనిట్, ఈసీయూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. అందుకే ఇవన్నీ ఒకే డోనర్ బండి నుంచి సెట్‌గా రావాలి. యాక్సిలరేటర్ పెడల్, మీటర్ కూడా వాటితోపాటే తెచ్చుకోండి. చవక స్కానర్ ఈ జతకట్టే పని చేయలేదు.

తర్వాత మల్టీమీటర్. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే మామూలుది చాలు. బ్యాటరీ తీసేసి, స్కానర్ గుచ్చే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే క్యాన్ లైను (యూనిట్లు మాట్లాడుకునే వైర్ల జత) రెండు కొసల్లో ఒక రెసిస్టర్ పోయిందన్నమాట. మార్పిళ్లలో ఇది తరచూ జరుగుతుంది: పాత డ్యాష్‌బోర్డ్ అందం పోతుందని డోనర్ మీటర్ పక్కన పడేస్తారు, ఆ రెసిస్టర్ ఒక్కోసారి దాంట్లోనే ఉంటుంది. ఇంకో తప్పు, ఎర్త్. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజిన్ నుంచి ఛాసీకి, ఛాసీ నుంచి బాడీకి లావు ఎర్త్ పట్టీలు వేయాలి. మరిచిపోతే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబుల్ మీదుగా దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలిపోతుంది.

పాత ట్యాంకును మాత్రం వాడొద్దు. ఈ ఇంజెక్టర్లు వెయ్యి బార్‌కు పైగా పీడనంతో పనిచేస్తాయి, లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి. ట్యాంకు తుప్పు ఒక ట్రిప్పులోనే వాటిని మింగేస్తుంది. కొత్త ట్యాంకు, నీళ్లు వేరుచేసే ఫిల్టరు, రిటర్న్ లైను తప్పనిసరి.

ప్రశ్న: ముందు డిస్కులు వేయించాం. పొద్దున మొదటిసారి తొక్కితే పెడల్ లోతుగా పోతుంది, రెండోసారికి గట్టిపడుతుంది. (సైనిక్‌పురి)

మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టేది) ఫ్లోర్ కింద ఉందనుకుంటాను. అది క్యాలిపర్ల (డిస్కును నొక్కే భాగాల) కన్నా కిందుంటే ఆయిల్ వెనక్కి జారుతుంది. డిస్కు లైనులో 2 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వు (లైనులో కాస్త పీడనం నిలిపేది), వెనక డ్రమ్ము లైనులో 10 పీఎస్ఐది వేయించండి. రెండూ తారుమారైతే డిస్కులు పట్టేసి వేడెక్కుతాయి. పాత సింగిల్ సర్క్యూట్ సిలిండరే ఉంటే ఈ పనిలోనే టాండెమ్‌కు (రెండు వేరు సర్క్యూట్లది) మార్చేయండి, ఒక పైపు తెగితే నాలుగు చక్రాల బ్రేకూ పోకూడదు. డీజిల్ ఇంజిన్ అయితే బూస్టరుకు వాక్యూమ్ పంపు కావాలి. ఆల్టర్నేటర్ వెనకే పంపు ఉన్న రకం దొరికితే వేరే బెల్టు పని తప్పుతుంది. పికప్ వెనక భాగం ఖాళీగా ఉన్నప్పుడు తేలిక కాబట్టి వానలో వెనక చక్రాలు ముందే లాక్ అవుతాయి. హౌసింగ్‌కు లింకు ఉండే లోడ్ సెన్సింగ్ వాల్వు (బరువును బట్టి వెనక బ్రేకును సర్దేది) వేయించి, దాని లింకును కమాన్ ఎత్తు ఖరారయ్యాకే సెట్ చేయించండి.