ఛిద్రమా, గుల్లా?

సందేహం: తిరుపతిలో కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నాను. చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్లో మా పని గురించి తెలుగులో చెప్పాలి. ‘కాంతితో ఆక్సిజన్‌ను ఉత్తేజపరిచే సచ్ఛిద్ర చట్రాలు’ అని శీర్షిక పెట్టాను. వాటినే లోపల ‘కాంతి ఉత్ప్రేరకాలు’ అన్నాను. సరిపోతాయా?
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: వ్యాకరణం వరకు తప్పేమీ లేదమ్మా. స, ఛిద్రం కలిస్తే సచ్ఛిద్రమే. చిక్కు అర్థంతోనే. సంస్కృతంలో ఛిద్రమంటే రంధ్రం. తెలుగులో మనం ‘బతుకు ఛిద్రమైంది’ అంటాం, ముక్కలైందని. మీ చట్రాలు అలాంటివి కావు. లోహ అయాన్లనూ సేంద్రియ అణువులనూ లెక్కగా కూర్చి, మధ్యలో ఖాళీ గదులు మిగిలేలా కట్టినవి. 2025లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది ఈ నిర్మాణాలకే.

దీనికి మన వంటింట్లోనే చక్కని మాట ఉంది: గుల్ల. పొంగణం విరిచి చూడండి. పైన కరకర, లోపలంతా చిన్న చిన్న గదులు. ‘గుల్లగా వచ్చాయి’ అని అమ్మ మురిసిపోతుంది. గుల్లగా ఉంటేనే చట్నీ లోపలిదాకా ఇంకుతుంది. మీ చట్రంలోకి ఆక్సిజన్ దూరడానికీ ఆ ఖాళీలే దారి. చెదపట్టిన వాసం కూడా గుల్లే కదా అంటారేమో. అది గుల్లబారడం, ఇది గుల్లగా రావడం. ఈ తేడా పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. థీసిస్‌లో అయితే ‘సూక్ష్మరంధ్ర చట్రాలు’ అని రాసుకోండి.

‘ఉత్తేజపరచడం’ మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఉత్తేజిత స్థితి అంటే శక్తి పుంజుకుని పై స్థాయికి చేరిన స్థితి. కాంతిని పీల్చుకున్న చట్రం ఆ శక్తిని ఆక్సిజన్‌కు అందిస్తే సింగ్లెట్ ఆక్సిజన్, అంటే ఉత్తేజిత స్థితిలోని ఆక్సిజన్, వస్తుంది. అక్కడ ఆ మాట చెల్లుతుంది. శక్తికి బదులు ఒక ఎలక్ట్రాన్‌ను అందిస్తే వచ్చేది సూపరాక్సైడ్. అక్కడ ఆక్సిజన్ ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుంది, అంటే క్షయకరణం చెందింది, ఉత్తేజితం కాలేదు. మామూలు ఆక్సిజన్ చాలా సేంద్రియ పదార్థాలతో తనంతట తాను తొందరగా చర్య జరపదు. దాన్ని పనిలోకి దించడమే రెండు దారుల్లోనూ జరిగేది కాబట్టి ‘క్రియాశీలం చేయడం’ అనండి.

ఇక ‘కాంతి ఉత్ప్రేరకం’. ఈ సమాసం వింటే కాంతే ఉత్ప్రేరకమని పిల్లలు అనుకుంటారు. ఉత్ప్రేరకమంటే చర్యను వేగపరిచేది, చర్య ముగిశాక అది మళ్లీ మిగలాలి. పీల్చుకున్న కాంతి ఖర్చయిపోతుంది. ‘కాంతితో పనిచేసే ఉత్ప్రేరకం’ అనండి, ఒక మాట పెరిగినా పర్వాలేదు.