విహార పడవలు: గిరాకీ, నిల్వ, బేరం – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్ర: కరోనా రోజుల్లో అడ్వాన్సు కట్టినా కొత్త పడవ దొరకలేదు. తర్వాత అవే పడవలు డీలర్ల యార్డుల్లో నిలిచిపోయాయి. గిరాకీ అంత త్వరగా ఎలా పడిపోయింది?

జ: పడిపోయింది అనడం కన్నా ముందే తీరిపోయింది అనడం సరైనది. అమెరికాలో 2020లో కొత్త మోటారు పడవలు 3,10,000కు పైగా అమ్ముడయ్యాయి. 2008 తర్వాత ఏ ఏడాదీ అంత అమ్మకం లేదు. ప్రయాణాలు ఆగిపోయి, వడ్డీలు సున్నా దగ్గరికి చేరడంతో, మరో మూడు నాలుగేళ్లకు కొనాల్సినవాళ్లు కూడా అప్పుడే కొనేశారు. పడవ ఏళ్ల తరబడి నిలిచే వస్తువు, వాళ్లు మళ్లీ ఇప్పట్లో రారు.

దీనికి తోడు పడవ తయారీకి కావాల్సిన రెజిన్ (ఫైబర్‌గ్లాసును అతికించే జిగురు), ఫోమ్, ఇంజన్ల కొరత. ఒకే మనిషి ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర పేరు రాయించుకున్నాడు. అడిగినంత రాదని తెలిసి డీలర్లూ అవసరానికి మించి ఆర్డరు పెట్టారు. ఫ్యాక్టరీలు ఆ ఆర్డర్లనే గిరాకీ అనుకున్నాయి. తీరా సరుకు చేరేసరికి వడ్డీలు పెరిగాయి: 2022 మార్చి నుంచి 2023 జూలై లోపల అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీని సున్నా దగ్గర నుంచి 5.25–5.50 శాతానికి తీసుకెళ్లింది. లక్ష అప్పు 15 ఏళ్లకు తీసుకుంటే 4.5 శాతం మీద నెలకు 765 కట్టాలి, 8.5 శాతం మీద 985. కరెన్సీ ఏదైనా లెక్క ఇదే. అందుకే దెబ్బ ముందుగా చిన్న, మధ్యరకం పడవలకు తగిలింది, వాటిని కొనేవాళ్లు ఎక్కువగా అప్పు మీదే కొంటారు.

ప్ర: ఒక వార్తలో పడవల అమ్మకాలు పెరిగాయని ఉంటుంది, మరో వార్తలో తగ్గాయని. ఏది నమ్మాలి?

జ: ముందు ఎవరు ఎవరికి అమ్మారో చూడండి. ఫ్యాక్టరీ నుంచి డీలరుకు పోయిన సరుకు ఒక లెక్క, డీలరు దగ్గర వినియోగదారుడు కొన్నది మరో లెక్క. కంపెనీల ఆర్థిక ఫలితాల్లో కనిపించేది ఎక్కువగా మొదటిది. యార్డులు నిండుతున్నంత కాలం ఆ అంకె బాగానే ఉంటుంది, అవి నిండాక ఒక్కసారిగా కూలుతుంది. అసలు గిరాకీని చూపేది రెండోదే. తర్వాత, విలువ పెరిగిందా, సంఖ్య పెరిగిందా? పెద్ద పడవలు నాలుగు ఎక్కువ పోతే, మొత్తం సంఖ్య తగ్గినా విలువ పెరుగుతుంది. పోలిక కూడా ఎప్పుడూ నిరుటి అదే నెలతో ఉండాలి. మార్చిని జనవరితో పోలిస్తే తెలిసేది సీజన్ ఒక్కటే.

నిల్వ లెక్క మీరే వేసుకోవచ్చు. డీలరు దగ్గర ఒక రకం పడవలు 24 ఉన్నాయి, గడిచిన 12 నెలల్లో ఆ రకం 36 అమ్మాడు అంటే, 8 నెలల సరుకు ఉన్నట్టు. పాంటూన్లు (గొట్టాల మీద తేలే చదునైన పడవలు), ఫిషింగ్ బోట్లు, వేక్ బోట్లు (వెనక అలలు లేపే క్రీడా పడవలు) వేటికవి విడిగా లెక్కించాలి. అన్నీ కలిపిన సగటు ఎవరికీ పనికిరాదు.

ప్ర: నిరుటి మోడల్, వాడని పడవను 15 శాతం తగ్గింపుకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జ: తీసుకోవచ్చు, కాని 15 శాతం చాలదేమో చూసుకోండి. మీరు తిరిగి అమ్మే రోజున కొనేవాడు చూసేది మోడల్ సంవత్సరం, మీరు కొన్న తేదీ కాదు. వాడకుండానే పోయిన ఆ ఏడాది తరుగుదల మొత్తం తగ్గింపులోకి రావాలి. అదే మోడల్, ఏడాది పాతది, తక్కువ గంటలు నడిచినది ఎంత పలుకుతోందో ముందు కనుక్కోండి.

డీలరు ఆ పడవను సొంత డబ్బుతో కొనలేదు. ఫైనాన్స్ కంపెనీ అప్పు మీద తెచ్చాడు. మొదటి కొన్ని నెలల వడ్డీని చాలాసార్లు తయారీదారే భరిస్తాడు. ఆ గడువు దాటాక వడ్డీ డీలరు మీద పడుతుంది, అసలులో కొంత భాగం కూడా విడతలుగా కట్టాల్సి వస్తుంది. కాబట్టి బేరంలో మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ‘ఈ పడవ మీ యార్డుకు ఎప్పుడు వచ్చింది?’ అని. సీజన్ ముగిసే వేళ అడిగితే ఇంకా మేలు.

జవాబు సరిపోల్చుకోవడానికి హల్ నంబరు, అంటే పడవ ఒంటి మీద వేసే గుర్తింపు నంబరు ఉంది. పడవ వెనక పలకకు కుడివైపు పైభాగాన ఉంటుంది. చివరి నాలుగు అక్షరాలు చూడండి. హెచ్425 అని ఉంటే హెచ్ అంటే ఆగస్టు (ఏ జనవరి, ఎల్ డిసెంబరు), 4 అంటే 2024, 25 అంటే 2025 మోడల్.

నీళ్లు చూడని పడవ కూడా పాతబడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి ఒక రాత్రి వదిలితే 12.6 వోల్టులు నిలవాలి. 12.4 దాటకపోతే కొత్తది వేసివ్వమనండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చి విడిపోతుంది, ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. పాత పెట్రోలు తీయించి, నీటిని వడకట్టే ఫిల్టరు మార్పించండి. ఇంజనుకు చల్లదనం పంపే పంపులో నీటిని తోసే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) రెక్కలు ఒకే వంపులో బిగుసుకుపోతాయి, ఇంజను వేడెక్కడానికి అదొక్కటి చాలు. దాన్ని పరీక్షించి ఊరుకోకండి, కొత్తది వేయించండి. ట్రెయిలర్ టైరు మీద 3523 అని ఉంటే అది 2023లో 35వ వారం తయారైనది. ఇంజను వారంటీ మీరు కొన్న రోజు నుంచే మొదలవుతుందని కాగితం మీద రాయించుకోండి. డెమోకు తిప్పిన పడవైతే అది ఎప్పుడో మొదలై ఉండొచ్చు.

చివరగా నీళ్లలో నడిపి చూడాలి, మామూలుగా ఎక్కే మనుషుల బరువుతో. పూర్తి థ్రాటిల్‌లో, అంటే వేగం పూర్తిగా పెంచినప్పుడు, ఇంజను తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పరిధికి చేరాలి. 5,000–6,000 అని ఉన్నచోట 4,700 దగ్గరే ఆగితే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు అది ముందుకు తోసే దూరం) ఎక్కువైనట్టు. ఒక అంగుళం పిచ్ తగ్గితే సుమారు 150–200 ఆర్‌పీఎం పెరుగుతుంది. డబ్బు కట్టకముందే మార్పించుకోండి.

ప్ర: ఎలక్ట్రిక్ కార్లలాగే ఎలక్ట్రిక్ పడవలూ పుంజుకుంటాయా?

జ: నెమ్మదిగా పోయే చోట ఎప్పటినుంచో నడుస్తున్నాయి. జర్మనీలోని కోనిగ్జే సరస్సులో 1909 నుంచీ విద్యుత్ పడవలే. వేగం దగ్గరే చిక్కు. కిలో పెట్రోలులో సుమారు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది, ఇంజను దానిలో పావు వంతే వాడుకున్నా 3 మిగులుతాయి. కిలో బ్యాటరీ ప్యాకులో 0.2 కూడా కష్టం. కారు పరుగందుకున్నాక తేలిగ్గా దొర్లుతుంది, పడవ మాత్రం ప్రతి క్షణం నీటిని తోస్తూనే ఉండాలి. స్వీడన్ కంపెనీ కాండెలా సీ-8 పడవ అడుగున ఉన్న రెక్కల మీద నీటిపైకి లేచి ఈ భారాన్ని బాగా తగ్గించింది, దాని బ్యాటరీ 69 కిలోవాట్ అవర్లు. గిరాకీ ఉన్నది చిన్న సరస్సుల్లో, గంటల లెక్కన అద్దెకిచ్చే చోట్ల. రోజంతా దూరం పోయే ఫిషింగ్ బోటుకు ఇది ఇంకా సరిపోదు.

ప్ర: కొనడం మానేసి బోట్ క్లబ్బులో చేరితే?

జ: క్లబ్బుకు సభ్యత్వ రుసుము కట్టి, దాని పడవలను మిగతా సభ్యులతో పంచుకుని వాడుకోవడం ఇది. ఏడాదికి 20–30 గంటలకు మించి నడపనివారికి మంచి దారే. 1989లో ఫ్లోరిడాలో మొదలైన ఫ్రీడమ్ బోట్ క్లబ్‌ను 2019లో బ్రన్స్‌విక్ కొనుక్కుంది. ఇంజన్లు, పడవలు తయారుచేసే కంపెనీయే క్లబ్బు నడపడానికి వచ్చిందంటే గిరాకీ ఎటు పోతోందో ఊహించుకోవచ్చు. చేరేముందు ఒక్కో పడవకు ఎంతమంది సభ్యులో అడగండి. పదిమంది దాటితే సీజన్లో సెలవు రోజున పడవ దొరకడం కష్టం. రాత్రి బయట నిలపనిస్తారా, రాయికి తగిలితే మీరు భరించాల్సిన మొత్తం ఎంత, ఈ రెండూ ఒప్పందంలో చదివాకే సంతకం పెట్టండి.