కర్ర పెండలం చిప్స్‌ని డ్రయ్యర్‌లో ఆరబెడుతుంటే వేడి ఎంత పెట్టాలి? పెంచితే పని త్వరగా అయిపోతుంది కదా?

త్వరగా అవుతుంది, కానీ పెంచకండి. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే చాలు. అంతకంటే బాగా ఎక్కువైతే తడి ముక్కలో పిండిపదార్థం ఉడికిపోయి పైన గట్టి పొర కడుతుంది, అప్పుడు లోపలి నీరు బయటికి రాలేక చూడ్డానికి ఎండినట్టే ఉండి తర్వాత బూజు పడుతుంది.

ఇంకో పెద్ద విషయం సైనైడ్. దుంపలో సైనైడ్‌ని పట్టి ఉంచే లినమారిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని విడగొట్టి సైనైడ్ బయటికి పోయేలా చేసే ఎంజైమ్ కూడా దుంపలోనే ఉంటుంది, అది పనిచేయాలంటే కాస్త తడి, కాస్త సమయం కావాలి, మరీ వేడిగా గబగబా ఆరబెడితే ఆ ఎంజైమ్ పాడైపోయి విషం చాలావరకు ముక్కలోనే మిగిలిపోతుంది. ఈ ఒక్క విషయంలో నిదానంగా ఎండబెట్టడమే నయం. ఈ విషం ఎక్కువుండే చేదు రకాలైతే ఆరబెట్టడం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ముక్కలు పలుచగా, ఒకే మందంలో కోయండి. నా లెక్కలో వేడికన్నా గాలి ముఖ్యం, పొర మందంగా పోస్తే మధ్యలో తిరగేయాల్సిందే. తేమ 12-14 శాతానికి దిగాక ఆపండి. 65 శాతం తేమ ఉన్న 100 కిలోల ముక్కలు అప్పటికి దాదాపు 40 కిలోలవుతాయి, అంటే 60 కిలోల నీటిని ఆవిరి చేయాలి, ఇంధనం ఖర్చంతా అక్కడే.