పెద్ద చేపలకు ఉప్పునీటి అక్వేరియం: ఇంటర్ చదివే అబ్బాయి ఈ పని ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది భీమవరం. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. కొంతకాలంగా మంచినీటి అక్వేరియంలు తయారుచేసి తెలిసినవాళ్ల ఇళ్లలో పెడుతున్నాడు. హైదరాబాద్‌లో విల్లా కట్టుకుంటున్న మా బంధువు మొదటి అంతస్తు హాల్లో 8 అడుగుల సముద్రపు నీటి అక్వేరియం కావాలన్నారు. అందులో పెద్ద చేపలు తిరగాలట, నాలుగు నెలల్లో గృహప్రవేశం నాటికి సిద్ధం కావాలట. మావాడు ఇదే నా వృత్తి అంటున్నాడు. ఈ పని ఒప్పుకోనివ్వాలా? ఇంటర్ తర్వాత ఏం చదివించాలి?

జవాబు: సొంతంగా ఒప్పుకోనివ్వకండి. అలాగని వదులుకోమని కూడా చెప్పకండి. ఉప్పునీటి ట్యాంకులు కట్టిన అనుభవం ఉన్నవాళ్లకు పని అప్పగించమని బంధువుతో చెప్పి, మీ అబ్బాయిని వాళ్ల దగ్గర సహాయకుడిగా పెట్టండి. జీతం అడగకపోయినా నష్టం లేదు. మంచినీటి ట్యాంకులు బాగా పెట్టేవాడు ఇందులో ఎక్కడ దెబ్బతింటాడో కాస్త వివరంగా రాస్తాను. మీరూ చదవండి, ఈ వృత్తి అంటే ఏమిటో తెలుస్తుంది.

మొదటి లెక్క బరువుది. 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ట్యాంకులో నిలిచే నీరు సుమారు 1500 లీటర్లు. ఉప్పునీరు కాబట్టి 1540 కిలోలు. 19 మిల్లీమీటర్ల గాజు, పైన బిగించే పట్టీలతో కలిపి 400 కిలోలు. స్టాండు, రాళ్లు, ఇసుక, కింద ఉండే సంప్‌లో (నీటిని శుద్ధి చేసే రెండో తొట్టిలో) మరో 300 లీటర్ల నీరు కలిపితే మొత్తం రెండున్నర టన్నులు దాటుతుంది. అదంతా 24 చదరపు అడుగుల మీద పడుతుంది, అంటే చదరపు మీటరుకు 1100 కిలోలకు పైనే. ఇళ్లలో గదుల శ్లాబును చదరపు మీటరుకు 200 కిలోల వాడకపు భారానికి లెక్కగడతారు. అందువల్ల మొదటి అంతస్తు అన్నప్పుడే స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం కావాలి. బీమ్ ఎటు పోతుందో చూసి, దాని మీదుగా, గోడకు ఆనించి పెట్టాలి. కింది అంతస్తుకు మారిస్తే ఇంకా మంచిది. ఈ మాట ఇంటి యజమానికి నచ్చజెప్పడం కూడా వృత్తిలో భాగమే.

స్టాండు దగ్గర తప్పులు మెల్లగా బయటపడతాయి. మామూలు ఇనుప ఫ్రేముకు పైపైన రంగు వేస్తే ఉప్పు తుంపర వెల్డింగ్ అతుకుల్లోంచే తినడం మొదలుపెడుతుంది. గాల్వనైజ్డ్ చదరపు పైపుతో చేయించి, వెల్డింగ్ తర్వాత అతుకులకు జింక్ ప్రైమర్, పైన ఎపాక్సీ వేయించాలి. చాలామంది 304 స్టీలు తుప్పు పట్టదనుకుంటారు, ఉప్పునీళ్లకు అదీ గుంటలు పడుతుంది. నీళ్లలో మునిగే చోట లోహపు మరలే వద్దు. గాజు అతికించేది బూజు మందు కలపని అసిటిక్ సిలికాన్ కావాలి, బాత్రూముల కోసం అమ్మే రకం కాదు. అతికించాక కనీసం వారం ఆగి, కుళాయి నీళ్లతో నాలుగు రోజులు నింపి ఉంచి చూస్తారు. ఇంత ట్యాంకు మెట్ల మీదుగా ఎక్కదు. ఉన్నచోటే అతికించాలి.

ఇక పైపులు. పెద్ద చేపల ట్యాంకును నిలబెట్టేదీ, హాలు ముంచేదీ ఇవే. ట్యాంకు మూల పైనీరు పొర్లి పడే ఓవర్‌ఫ్లో గదిలోంచి మూడు పైపులు సంప్‌లోకి దిగాలి. ఒకటి పూర్తిగా నీటితో నిండి లాగేది, దానికి గేట్ వాల్వ్ ఉంటుంది. రెండోది మిగిలిన కాస్త నీటిని తీసుకునేది. మూడోది పొడిగా ఉండి, మొదటి రెండూ మూసుకుపోయిన రోజున పనిచేసేది. ఒకే పైపుతో సరిపెడితే ఆకు ముక్కంత నాచు చాలు, పంపు సంప్ నీళ్లన్నీ పైకి తోసి నేల మీద పోస్తుంది. సంప్ నుంచి తిరిగి పైకి వెళ్లే నీరు గంటకు ట్యాంకు నీటికి నాలుగు రెట్లు, అంటే 6000 లీటర్లు ఉండాలి. రెండు మీటర్ల ఎత్తుకు తోసేసరికి పంపు శక్తి చాలా తగ్గుతుంది కాబట్టి డబ్బా మీద 10,000 నుంచి 12,000 లీటర్లు అని రాసి ఉన్నది కొనాలి. కరెంటు పోతే ట్యాంకు పైభాగంలోని రెండు మూడు సెంటీమీటర్ల నీరు, పైపుల్లో నీరు సంప్‌లోకి జారుతాయి. దాదాపు 70 నుంచి 90 లీటర్లు. కనుక సంప్‌లో 120 లీటర్ల ఖాళీ ఎప్పుడూ ఉండాలి. నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ ఉందిగా అని ధైర్యపడకూడదు, ఉప్పు పేరుకుంటే అది సరిగా మూసుకోదు. పని అప్పగించే ముందు యజమాని ఎదురుగానే కరెంటు మెయిన్ ఆపి, మళ్లీ వేసి చూపించాలి. ఈ పరీక్ష చేయకుండా బిల్లు తీసుకోవడం నా దృష్టిలో పనికిమాలిన పని.

నీటి విషయంలో మీ భీమవరం కుర్రాడికి ఒక మేలు ఉంది. రొయ్యల చెరువుల వల్ల సెలైనిటీ (ఉప్పదనం), ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం), అమ్మోనియా అనే మాటలు వాడికి కొత్త కాదు. కొత్తది ఏమిటంటే ఇక్కడ నీటిని మనమే తయారుచేయాలి. కల్లుప్పు కలిపితే ఉప్పదనం వస్తుంది గానీ కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్ సముద్రంలో ఉన్న పాళ్లలో రావు. సముద్రపు అక్వేరియంల కోసం చేసిన ఉప్పు మిశ్రమమే వాడాలి. లీటరుకు సుమారు 37 గ్రాములు, అంటే మొదటిసారి 1800 లీటర్లకు 67 కిలోలు. కలిపే నీటిలో టీడీఎస్ (కరిగిన లవణాలు) సున్నా ఉండాలి. ఇంటి ఆర్వోలో రుచి కోసం కాస్త ముడినీరు కలిపే వాల్వ్ ఉంటుంది. దాన్ని మూసి, చివర మిగిలిన లవణాలను పీల్చే డీఐ రెజిన్ గొట్టం తగిలించాలి. చిన్న ఆర్వో రోజుకు 200 లీటర్లు ఇస్తే గొప్ప, కనుక ట్యాంకు నిండటానికే తొమ్మిది రోజులు. ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35), పీహెచ్ 8.1 నుంచి 8.4, ఆల్కలినిటీ 140 నుంచి 160 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని) ఉంచాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీటితో సున్నాకు సరిచేసి వదిలేయకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూడాలి.

నీరు ఆవిరైతే ఉప్పు పోదు. మంచినీటి అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే తడబడతారు. ఏసీ హాల్లో ఇలాంటి ట్యాంకు రోజుకు 10 లీటర్లకు పైగా ఆవిరవుతుంది. తగ్గినంత మేరా ఆర్వో నీరే పోయాలి, ఉప్పునీరు కాదు. సెన్సర్‌తో తనంతట తానే పోసే ఏర్పాటుకు 80 లీటర్లకు మించిన డ్రమ్ము పెట్టకూడదు, కుళాయికి నేరుగా కలపనే కూడదు. సెన్సర్ మొరాయించి డ్రమ్మంతా ఒలికినా ఉప్పదనం నాలుగైదు శాతం మాత్రమే పడుతుంది, చేపలు తట్టుకుంటాయి.

మే నెలలో మన ఇళ్లలో నీరు 32 డిగ్రీలు దాటుతుంది. ఈ చేపలకు 25, 26 కావాలి. నీటిని చల్లబరిచే 1 హెచ్‌పీ చిల్లర్ పెడతారు, అయితే చక్కగా కనబడాలని దాన్ని స్టాండు కింద అలమారలో మూసేస్తారు. అది వదిలిన వేడి గాలిని మళ్లీ అదే పీల్చుకుని ఆగకుండా నడిచి కాలిపోతుంది. మిగిలిన పంపులు, స్కిమ్మర్ (నురగతో మలినం తీసేది), యూవీ (క్రిములను చంపే దీపం), లైట్లు అన్నీ లెక్కేస్తే వేసవిలో రోజుకు 15, 16 యూనిట్లు. యజమానికి ఇది ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. నీటిని కదిలించే వేవ్‌మేకర్లలో ఒకటైనా ఇన్వర్టర్ మీద ఉండాలి. పెద్ద చేపలున్న ట్యాంకులో నీటి కదలిక ఆగితే కొద్ది గంటల్లోనే ఆక్సిజన్ పడిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) లేని ఇంట్లో ఉప్పునీటి ట్యాంకులో చెయ్యి పెట్టకూడదు.

గృహప్రవేశం ముహూర్తం గురించి. నీరు సిద్ధమయ్యాక అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకు తెచ్చి, చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా పట్టి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యేవరకు ఆగాలి. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు. గాజు పని, నీరు నింపడం కలిపితే రెండున్నర నెలలు పోతాయి. ఈలోగా వేరే తొట్టిలో క్వారంటైన్ చేసిన రెండు మూడు చేపలే ముహూర్తానికి తిరుగుతాయి. ట్యాంకు నిండుగా కనబడటానికి ఆరు నెలలైనా పడుతుంది. వచ్చే చుట్టాల కోసం ఒక్కసారే పది చేపలు వేస్తే కొద్ది రోజుల్లోనే సగం చచ్చి తేలతాయి.

ఏ చేపలు? పెద్ద చేప అంటే షార్క్ అనుకునేవాళ్లుంటారు. చిన్నదని పేరుపడ్డ బ్యాంబూ షార్క్ కూడా మీటరు పెరుగుతుంది, ఈ ట్యాంకు చాలదు. పోర్క్యుపైన్ పఫర్, స్నోఫ్లేక్ ఈల్, నాసో టాంగ్, ఎంపరర్ ఏంజెల్, నైజర్ ట్రిగ్గర్ ఒక్కొక్కటి చొప్పున ఈ కొలతకు సరిపోతాయి, నాసో టాంగ్‌కు ఇది కనీసం. గొడవపడే ట్రిగ్గర్‌ను అన్నిటికన్నా చివర వదలాలి. ఈ జట్టులో లయన్ ఫిష్‌ను పెట్టకూడదు, దాని రెక్కలను పఫర్, ట్రిగ్గర్ కొరికేస్తాయి. ఈల్ చిన్న సందులోంచి బయటికొచ్చి నేల మీద ఎండిపోతుంది కాబట్టి మూతకు గడియ ఉండాలి. రాళ్లు ఇసుక మీద కాదు, అడుగు గాజు మీదే ఆనాలి. ట్రిగ్గర్ ఇసుక తవ్వితే గుట్ట కూలి గాజు పగులుతుంది.

ఇక్కడ చట్టం కూడా చూసుకోవాలి. పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, జెయింట్ గ్రూపర్ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నవాటి వ్యాపారానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు. రీఫ్ నుంచి తవ్వి తెచ్చిన ‘లైవ్ రాక్’ అంటే పగడమే. కృత్రిమ రాయి, సిరామిక్ రాయి వాడాలి.

కొత్త చేపల మీద తెల్లచుక్కల వ్యాధి, వెల్వెట్ అనే మరో పరాన్నజీవి వ్యాధి వస్తాయి. 30 రోజులు వేరే తొట్టిలో ఉంచి, రోజూ కొలుస్తూ అయానిక్ కాపర్ (నీటిలో కరిగిన రాగి మందు) 0.15 నుంచి 0.20 పీపీఎం మధ్య నిలపాలి. పఫర్లు, ఈల్స్ రాగిని తట్టుకోలేవు. పఫర్‌కు చాలామంది ఉప్పదనాన్ని 1.009 సాంద్రతకు మెల్లగా దించి తెల్లచుక్కలను వదిలిస్తారు. కాపర్‌ను అసలు ట్యాంకులో పోయడం ఈ రంగంలో క్షమించరాని తప్పు, రాయి పీల్చుకుని ఎప్పటికో వదులుతుంది. మేత విషయంలో మీ ఊరి ప్రలోభం రొయ్యలు. అవే పెడితే బి1 విటమిన్ లోపం వస్తుంది. చేప కండ, స్క్విడ్, పెంకుతో ఆల్చిప్పలు మార్చి మార్చి విటమిన్ కలిపి పెట్టాలి. పఫర్ పళ్లు అరగడానికి ఆ పెంకు కావాలి.

ఇంత పని తెలిసినవాడికి ఏ చదువు సరిపోతుంది? ఏపీ ఈఏపీసెట్ బైపీసీ విభాగంలో మంచి ర్యాంకు తెచ్చుకుని నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీలో (మత్స్యశాస్త్ర డిగ్రీలో) చేరడం ఉత్తమం. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో పాత కాలేజీ ఉంది. మత్స్య విశ్వవిద్యాలయం మీకు దగ్గర్లోని నరసాపురం కేంద్రంగానే ఏర్పడింది. ఆ కోర్సులో నీటి నాణ్యత, చేపల వ్యాధులు, అక్వాకల్చర్ ఇంజినీరింగ్, అలంకరణ చేపల పెంపకం ఉంటాయి. పైచదువుకు ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్ఈ). సీటు రాకపోతే అక్వాకల్చర్‌తో బీఎస్సీ తీసుకోవచ్చు. నేరుగా దుకాణం పెట్టడం మాత్రం వద్దంటాను.

సెలవుల్లో రొయ్యపిల్లలను ఉత్పత్తి చేసే హేచరీలో పని నేర్చుకోమనండి. భీమిలి, ఉప్పాడ తీరాల్లో హేచరీలున్నాయి. ఇసుక ఫిల్టర్, క్లోరినేషన్, థయోసల్ఫేట్‌తో క్లోరిన్ తీయడం, బ్లోయర్లు అక్కడ రోజువారీ పనులు. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) కేంద్రం పాంపనో, గ్రూపర్ పిల్లలను ఉత్పత్తి చేసింది. గుంపుగా తిరిగే పాంపనో హోటళ్ల పెద్ద ట్యాంకులకు చక్కటి చేప, విదేశీ చేపల మీద ఆధారపడక్కర్లేదు. కొందరు ఈత, డైవింగ్ సర్టిఫికెట్ తీసుకుని గల్ఫ్ దేశాల పెద్ద అక్వేరియంలలో లైఫ్ సపోర్ట్ ఆపరేటర్లుగా (నీటి శుద్ధి యంత్రాలు చూసేవాళ్లుగా) కుదురుకుంటారు. అక్కడ చూసేది పంపులు, ఫిల్టర్లు, ఓజోన్ తెలుసా అనే.

ఆదాయం ట్యాంకు కట్టడంలో కన్నా దాన్ని చూసుకోవడంలో ఉంది. నెలకు రెండుసార్లు వెళ్లి పదోవంతు నీరు మార్చి, స్కిమ్మర్ కడిగి, పరీక్షలు రాసి రావాలి. ఒక్కోదానికి మూడు నాలుగు గంటలు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఒక మనిషి 12, 15 ట్యాంకులకు మించి చూడలేడు. ఆ సంఖ్య దాటాలంటే శిష్యుణ్ని పెట్టుకోవాలి. ఈలోగా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఒకటి పెట్టి, ఏడాదిపాటు రోజూ రీడింగులు పుస్తకంలో రాయమనండి. రేపు పని అడగడానికి వెళ్తే సర్టిఫికెట్ కన్నా ముందు ఆ పుస్తకమే చూపించాలి.

బంధువు విల్లా ఇంకా కడుతున్నారు కనుక ఇవి ఇప్పుడే చెప్పండి: ట్యాంకు పక్కన నేలలో డ్రైన్, ఆర్వో నీటికి ఒక లైను, విడి ఆర్‌సీసీబీతో నాలుగు 16 ఆంపియర్ల పాయింట్లు, చిల్లర్‌ను బాల్కనీలో పెట్టడానికి గోడలో రెండు అంగుళాల పైపులు రెండు. టైల్స్ వేశాక ఇవి పెట్టాలంటే గోడలు పగలగొట్టాలి.