గీతలు దాచి అమ్మాలా, చూపించి అమ్మాలా?

ప్రశ్న: నా డ్యూయల్ స్పోర్ట్ బైక్ అమ్మేద్దామనుకుంటున్నాను. ఆరేళ్లు తారు రోడ్డు మీదా, మట్టి దారుల్లోనూ తిప్పాను. రెండు మూడుసార్లు పడింది, ఇంజన్ కింద ప్లేటుకి సొట్టలున్నాయి, ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాక్ గొట్టాలు) మీద ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. పెయింట్ వేయించి, ప్లాస్టిక్ భాగాలు కొత్తవి బిగిస్తే మంచి రేటు వస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: పెయింట్ జోలికి అస్సలు వెళ్లకండి. ఇలాంటి బండి కోసం వచ్చేవాళ్లు మట్టిలో తిప్పడానికే కొంటారు, గీతలు చూసి బెదరరు, కానీ పాత బండి మీద కొత్త పెయింట్ మెరుస్తుంటే మాత్రం కింద ఏం దాచారోనని అనుమానం మొదలవుతుంది. కింది ప్లేటుకి సొట్టలు పడ్డాయంటే ఇంజన్‌కి తగలాల్సిన దెబ్బలు అది కాసిందన్నమాట. వాటిని దగ్గర్నుంచి ఫొటో తీసి పెట్టండి, బండి ఎటువైపు పడిందో అడక్కముందే చెప్పేయండి.

ఖర్చు పెట్టాల్సింది ఆ ఫోర్కు మీద. ముందు బయట ఉండే డస్ట్ సీల్ (దుమ్ము ఆపే రబ్బరు వలయం) పక్కకి జరిపి చూడండి, చాలాసార్లు ఎండిన మట్టి రేణువు దాని వెనక ఉండే ఆయిల్ సీల్ అంచులో ఇరుక్కుని ఉంటుంది, పల్చటి ప్లాస్టిక్ ముక్క లోపలికి దూర్చి చుట్టూ తిప్పితే అది బయటికొచ్చి లీకు ఆగిపోవచ్చు. ఆగకపోతే సీల్స్ మార్పించండి. అయితే ఫోర్కు గొట్టం మీద గోరు ఆనించి పైనుంచి కిందికి లాగినప్పుడు ఎక్కడైనా తట్టుకుంటే, ముందు ఆ గీతని సరిచేయించాలి, లేకపోతే కొత్త సీల్ కూడా త్వరలోనే చిరుగుతుంది. దీన్ని వాయిదా వేయకండి, ఆ ఆయిల్ జారి బ్రేకు ప్యాడ్ల మీద పడితే టెస్ట్ రైడ్‌కి వెళ్లినవాళ్ల ప్రాణానికే ముప్పు.

వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) చివర చైన్ పట్టుకుని వెనక్కి లాగండి, పళ్లు సగం బయటపడితే చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచండి, తెలిసినవాళ్లు అది తీసి దాని వెనక దుమ్ముందేమో వేలితో తుడిచి మరీ చూస్తారు. బండి కడిగేటప్పుడు ప్రెషర్ నీళ్లు చక్రాల బేరింగుల మీద కొట్టొద్దు.

కొనేవాళ్లు వచ్చేముందు ఇంజన్ స్టార్ట్ చేసి పెట్టకండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో వాళ్ల ఎదుటే చూపించండి. లైసెన్స్ చూడకుండా బండి చేతికివ్వద్దు, రికార్డుల్లో ఓనరు పేరు మారేదాకా వెంటపడండి, లేకపోతే రేపు వాళ్లు చేసిన తప్పుకి నోటీసు మీకొస్తుంది.

కొన్నప్పుడు తీసేసిన అద్దాలు, హ్యాండిల్ లాంటి ఒరిజినల్ పార్టులు ఉంటే అవి కూడా ఇచ్చేయండి.