గేర్‌బాక్స్ విప్పొద్దు, లోపం లెక్కలో ఉంది

అన్నా, మీ 1996 షెవర్లే ఇంపాలా ఎస్ఎస్ కారులో వెనక యాక్సిల్‌కి 3.08 తీసి 3.73 గేర్లు వేయించారు (చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే కడ్డీ, ఎన్నిసార్లు తిరగాలో ఆ అంకె చెప్తుంది). అప్పట్నుంచి స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తోంది, గేర్లు తొందరగా మారిపోతున్నాయి, బండి బరువుగా లాగుతోంది అన్నారు, మెకానిక్ ట్రాన్స్‌మిషన్ పోయిందంటున్నాడు. ఆగండి, డబ్బు పెట్టకండి.

ఈ బండిలో స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ తోక దగ్గర ఉంటుంది. కాబట్టి అది లెక్కపెట్టేది చక్రాన్ని కాదు, డ్రైవ్‌షాఫ్ట్‌ని. 3.73ని 3.08తో భాగిస్తే 1.21. అంటే నిజంగా 60 మైళ్లలో వెళ్తుంటే ముల్లు 73 దగ్గర ఉంటుంది. కంప్యూటర్ కూడా అదే నమ్మి, ముందుగానే పై గేర్ వేసేస్తుంది. కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి జారకుండా నేరుగా బిగించేది) కూడా అంతే. మీరు చెప్పిన ఆ బరువు అదే.

ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూడండి. తేడా సుమారు 21 శాతం వస్తే, ఎల్‌టీ1 (ఈ బండి ఇంజిన్) ట్యూనింగ్ తెలిసినవాళ్లతో కంప్యూటర్‌లో యాక్సిల్ రేషియో మార్పించండి. టైర్ సైజు మారితే అదీ చెప్పండి. నేనూ ఇలాగే రెండు వారాలు టెన్షన్ పడ్డాను, చివరికి ల్యాప్‌టాప్‌తో తేలిపోయింది!

అన్నట్టు, కొత్త గేర్లు కదా, 500 మైళ్లకి యాక్సిల్ ఆయిల్ మార్చేయండి. లిమిటెడ్ స్లిప్ (ఒక వెనక చక్రమే ఊరికే తిరగకుండా ఆపే ఏర్పాటు) ఉంది కాబట్టి ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మందు కలపడం మర్చిపోకండి, లేకపోతే మలుపుల్లో వెనక నుంచి కటకటమంటుంది.